మూడు ఊళ్లు, రెండు మసీదులు

జర్మనీలో వసంతం రాగానే ఉద్యోగస్తులు క్యాలెండరు ముందు కూర్చుంటారు. క్రైస్తవుల పర్వదినాలలో ఒకటి ఈస్టర్ గడచిన తరువాత ఎప్పుడూ గురువారం నాడే వస్తుంది. సాధారణంగా అది మే నెలలో పడుతుంది. ఆనాడు దేశమంతటా సెలవు. మరునాటి శుక్రవారం ఒక్కటి సొంత సెలవు పెట్టుకుంటే శని, ఆదివారాలతో కలిపి నాలుగు రోజుల విరామం దొరుకుతుంది. అటువంటి శుక్రవారాన్ని అక్కడివారు ‘వంతెన రోజు’ అంటారు. అటు సెలవుకూ ఇటు సెలవుకూ మధ్య వేసిన వంతెన అని అర్థం.

ఒక వంతెన రోజున మేము నలుగురు మిత్రులం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దక్షిణంగా మూడు ఊళ్లు చూసి రావాలని సంకల్పించుకున్నాం. మన్‌హైమ్, హైడెల్‌బర్గ్, ష్వెట్‌జింగెన్. మూడూ ఒకదానికొకటి అరగంట దూరంలోనే ఉన్నాయి. 2023 మే నెల నుంచి జర్మనీలో ఒకే నెలవారీ టికెట్టుతో దేశంలోని ప్రాంతీయ రైళ్లు, నగర బస్సులు, ట్రాములు అన్నీ ఎక్కవచ్చు. వేగంగా పోయే దూరప్రయాణపు రైళ్లకు మాత్రం అది చెల్లదు. తొందర లేనివారికి ఆ టికెట్టు ఒక వరం. మాకు తొందర లేదు.

నలుగురిలో నేను కర్నూలు వాణ్ణి. ఒకరు నెల్లూరు, ఒకరు కడప, ఒకరు వరంగల్. వరంగల్ మిత్రుడు హిందువు, శాకాహారి. మిగిలిన ముగ్గురం ముస్లిములం. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే తమలో ఒకరిని నాయకునిగా ఎంచుకోవాలన్నది దైవప్రవక్త (స) బోధన. వయసులో పెద్దవారైన నెల్లూరు మిత్రుణ్ణి మేము అమీరుగా ఎన్నుకున్నాం. డబ్బు లెక్కలు వరంగల్ మిత్రునికి అప్పగించాం. ఏ ఊరిలో ఎంతసేపు ఉండాలి, ఎక్కడ తినాలి అన్న వాదులాటలు ఈ చిన్న ఏర్పాటుతో సగానికి సగం తగ్గిపోయాయి. మిత్రబృందాలతో బయలుదేరే వారందరికీ ఈ సున్నత్‌ను గుర్తుచేయాలనిపిస్తుంది.

ఒక వ్యక్తి మంచివాడని ఎవరో సాక్ష్యం చెప్పబోతే, నీవు అతనితో కలిసి ప్రయాణం చేశావా అని హజ్రత్ ఉమర్ (రజి) అడిగారని చెబుతారు. ప్రయాణం మనిషి నైజాన్ని బయటపెడుతుంది. ఈ మూడు రోజులలో బయటపడింది ఎవరి నైజం అన్నది చివర చెబుతాను. మిత్రుని సొంత విషయం కొంత ఇందులో ఉన్నది. అతని అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాను.

శుక్రవారం ఉదయం మన్‌హైమ్ చేరాం. అప్పటికి మేము ముగ్గురమే. తనకు కార్యాలయంలో పని ఉందనీ సాయంత్రానికి వచ్చి కలుస్తాననీ కడప మిత్రుడు ముందే చెప్పాడు. మన్‌హైమ్ నడిబొడ్డున వీధులకు మనకు అలవాటైన పేర్లు ఉండవు. 17వ శతాబ్దపు ఆరంభంలో చదరంగపు బల్లలా గీసి కట్టిన ఊరు అది. ఒక్కొక్క గడికి ఒక అక్షరం, ఒక అంకె. చిరునామా అడిగితే ఎవరైనా ఆ అక్షరమూ అంకే చెబుతారు. 1817లో కార్ల్ ద్రైస్ రెండు చక్రాల వాహనాన్ని తొలిసారి తోలింది ఈ ఊరిలోనే. 1886లో కార్ల్ బెంజ్ మోటారు వాహనాన్ని రోడ్డు మీదికి తెచ్చింది కూడా ఇక్కడే. లోకం చక్రాల మీద పరుగెత్తడం నేర్చుకున్న ఊరిలో మేము జుమా కోసం కాలినడకన బయలుదేరాం.

యావుజ్ సుల్తాన్ సెలీమ్ మసీదు రేవును ఆనుకుని ఉన్న పాత కార్మికవాడలో ఉన్నది. దానికి ఎదురుగానే లీబ్‌ఫ్రౌయెన్ అనే కాథలిక్ చర్చి. చర్చి గోపురమూ మసీదు మీనారూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఈ మసీదు 1995లో ప్రారంభమైంది. దాని వెనుక ఒక తరం నిరీక్షణ ఉన్నది. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ ప్రభుత్వాలు శ్రామికుల ఒప్పందం కుదుర్చుకున్నాయి. కర్మాగారాలకు కావలసింది పనిచేసే చేతులు. కొన్నేళ్లు పనిచేసి వీరు తిరిగి వెళ్లిపోతారన్నది అందరి ఊహ. వచ్చినవారు కూడా అలాగే అనుకున్నారు. అందువల్ల వారి నమాజులు చాలాకాలం నేలమాళిగలలో, పెరటి కొట్టాలలో, ఖాళీ గోదాములలో సాగాయి. పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు పిల్లలు పుట్టిన తరువాతగానీ తాము ఉండిపోయామన్న సంగతి వారికి రూఢి కాలేదు. ఈ మీనారు ఆ ఉండిపోవడానికి గుర్తు.

లోపల పంక్తులు నిండిపోయాయి. ఖుత్బా టర్కీ భాషలో సాగింది. నాకు అర్థమైనవి అందులోని అరబీ పదాలు, ఆయతులు మాత్రమే. మన ఊళ్లో పడమటి దిక్కుకు తిరిగి నిలబడే మేము ఇక్కడ ఆగ్నేయానికి తిరిగి నిలబడ్డాం. ప్రయాణికునిపై జుమా విధి కాదని మాకు తెలుసు. అయినా అవకాశం దొరికినప్పుడు వదులుకోబుద్ధి కాలేదు. వరంగల్ మిత్రుడు మా సంచులు కాపలా కాస్తూ బయట మెట్ల దగ్గర కూర్చున్నాడు. నమాజు ముగించి వచ్చేసరికి ఒక టర్కీ వృద్ధుడు అతనికి గాజు కప్పులో చాయ్ ఇచ్చి, భాష తెలియకపోయినా చేతులతో ఏదో ముచ్చట చెబుతున్నాడు.

సాయంత్రం స్టేషనులో కడప మిత్రుడు మాతో కలిశాడు. అప్పుడే అతని ఫోను మోగింది. వాళ్ల అమ్మగారు. కడపలో అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. వీడియోలో మా అందరినీ పలకరించి, కొడుకును అడిగారు.

“జుమా అయిందా బేటా?”

“అయింది అమ్మీ.”

నెల్లూరు మిత్రుడు తల వంచుకున్నాడు. నేను రైళ్ల బోర్డు వైపు చూశాను. ఫోను పెట్టేసిన తరువాత ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. అతడు జుమాకు పోలేదని అతని వాలకమే చెప్పింది. ఆ క్షణంలో నా మనసులో కలిగింది దుఃఖం కాదు. నేను చదివాను, ఇతడు చదవలేదు అన్న చిన్న సంతృప్తి అది.

రాత్రికి హైడెల్‌బర్గ్ చేరి ఒక హాస్టల్ గదిలో దిగాం. మే నెలలో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి ఇంచుమించు తొమ్మిదవుతుంది. ఇషా చదివి పడుకుంటే నిద్ర పట్టేలోపే ఫజ్ర్ వచ్చినట్లుంటుంది. నాలుగున్నరకు మేమిద్దరం లేచి నమాజు చదివాం. కడప మిత్రుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అతని ఊపిరి నిద్రపోతున్న మనిషి ఊపిరిలా లేదు.

హైడెల్‌బర్గ్ నెకర్ నదికి ఇరువైపులా, కొండల నడుమ ఇమిడి ఉన్న ఊరు. 1386లో స్థాపించిన ఇక్కడి విశ్వవిద్యాలయం నేటి జర్మనీలో అన్నింటికంటే పాతది. కొండ మీద ఎర్ర ఇసుకరాతి కోట శిథిలాలు ఉన్నాయి. 1689లో, మళ్లీ 1693లో ఫ్రెంచి సేనలు దానిని ధ్వంసం చేశాయి. బాగుచేస్తుండగా 1764లో పిడుగు పడింది. ఆ తరువాత దానిని పూర్తిగా నిలబెట్టే ప్రయత్నం జరగలేదు. మూడు వందలకు పైగా మెట్లు ఎక్కి వెళ్లాం. మెట్లెక్కలేని వారికి కొండ రైలు ఉన్నది. సుమారు 2,20,000 లీటర్లు పట్టే మద్యపు పీపాను చూడటానికి యాత్రికులు బారులు తీరుతారు. మేము దాని ముందు ఆగకుండా అదే ఆవరణలో ఉన్న ఔషధ మ్యూజియంలో గంటసేపు గడిపాం. పాతకాలపు కల్వాలు, మూలికల సొరుగులు, బట్టీలు చూస్తుంటే చిన్నప్పుడు కర్నూలులో చూసిన హకీముగారి దుకాణం జ్ఞాపకం వచ్చింది.

కోట దిగి పాత వంతెన మీదికి వచ్చాం. 1784లో మంచుగడ్డల వరద అంతకు ముందున్న వంతెనను కొట్టుకుపోగా, ఈ ప్రాంతాన్ని ఏలిన కార్ల్ థియోడోర్ అనే ప్రభువు రాతితో ఈ వంతెనను కట్టించాడు. 1788 నాటికి అది పూర్తయింది. 1945లో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యమే దీని కమానులను పేల్చివేసింది. రెండేళ్లకే ఊరివారు తిరిగి కట్టుకున్నారు. కార్ల్ థియోడోర్ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. మరునాడు ఆయన కట్టించిన మరో కట్టడం దగ్గరికి వెళ్లబోతున్నాం.

మమ్మల్ని హైడెల్‌బర్గ్‌కు రప్పించింది అసలు మరొక పేరు. అల్లామా ఇక్బాల్ 1907 వేసవిలో జర్మన్ భాష నేర్చుకోవడానికి ఈ ఊరు వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు కేంబ్రిడ్జిలో చదువుకోవడానికి ఐరోపా చేరిన ఆయన, పర్షియాలో తత్త్వచింతన వికాసం గురించి రాసిన గ్రంథానికి మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. హైడెల్‌బర్గ్‌లో ఆయనకు జర్మన్ నేర్పిన ఎమ్మా వెగెనాస్ట్‌కు ఆయన తరువాత రాసిన ఉత్తరాలు ఈనాటికీ మిగిలి ఉన్నాయి. గోథే కావ్యానికి బదులుగా ఆయన 1923లో ‘పయామె మష్రిఖ్’ వెలువరించారు. ఈ నది ఒడ్డున ఒక సాయంకాలపు నిశ్శబ్దం గురించి ఆయన రాసిన చిన్న కవితను ఉర్దూ చదివినవారు ఎరుగుదురు. 1929లో మద్రాసులోనూ, మన హైదరాబాదులోనూ ఉపన్యాసాలిచ్చినప్పుడు కూడా ఆయన వెంట ఇక్కడి చదువు ఉన్నది. తూర్పు పడమరలను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించిన మనిషి ఆయన. నెకర్ ఒడ్డున ఒక రహదారికి ఇక్బాల్ పేరు పెట్టారు. ఆయన నివసించిన ఇంటి గోడ మీద ఒక ఫలకం ఉన్నది. మేము ఆ గోడ ముందు కాసేపు నిలబడ్డాం. లోపల ఎవరో కాపురముంటున్నారు కనుక మెల్లగా మాట్లాడుకుని వచ్చేశాం.

సాయంత్రం నదికి ఉత్తరాన కొండవాలు మీద ఉన్న ‘తత్త్వవేత్తల బాట’ ఎక్కాం. ఎదురుగా కోట, కింద వంతెన, నది. కడప, వరంగల్ మిత్రులు ముందు నడుస్తున్నారు. నేను నెల్లూరు మిత్రునితో అన్నాను, “భాయ్, ఈ రాత్రి అతనితో మాట్లాడదామా? తల్లితో అబద్ధం చెప్పడం ఏమిటి?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కొంతదూరం నడిచాక అన్నారు, “నీవు అతని కోసం మాట్లాడాలనుకుంటున్నావా, నీ కోసమా?” మరి కొంతసేపటికి, “సోదరుని లోపాన్ని కప్పిన వాని లోపాన్ని అల్లాహ్ కప్పుతాడని మనకు బోధించారు గదా. మన నమాజు మనం చదువుదాం. అతని కోసం దుఆ చేద్దాం. ప్రయాణికుని దుఆ వృథా కాదు” అన్నారు. అమీరు మాట కనుక నేను ఊరుకున్నాను. ఊరుకోవడం కష్టమైంది. ఎందుకు కష్టమైందో అప్పుడు ఆలోచించలేదు.

ఆదివారం ఉదయం బస్సులో పది కిలోమీటర్ల దూరంలోని ష్వెట్‌జింగెన్ చేరాం. తెల్లని ఆస్పరాగస్ మొలకలకు పేరుమోసిన ఊరు అది. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా వాటి కాలం. మట్టి గట్ల కింద వెలుతురు తగలకుండా పెంచడం వల్ల అవి తెల్లగా ఉంటాయి. సాధారణంగా వాటిని పంది మాంసంతో వడ్డిస్తారు. పైన పోసే చారులో ఒక్కొక్కచోట వైను కలుపుతారు. అడిగి తెలుసుకుని, కరిగించిన వెన్న, ఉడికిన బంగాళాదుంపలతో మాత్రమే పెట్టించుకున్నాం. వరంగల్ మిత్రునితో కూర్చుంటే హలాల్ భోజనం వెదుక్కోవడం సులువవుతుందని ఆ మూడు రోజులలో తెలుసుకున్నాం.

ఇక్కడ కార్ల్ థియోడోర్ వేసవి సౌధమూ, 72 హెక్టార్ల ఉద్యానవనమూ ఉన్నాయి. ఆ వనం లోపల ఒక మసీదు ఉన్నది. నికొలా ద పిగాజ్ అనే ఫ్రెంచి శిల్పి రూపకల్పనలో 1779లో మొదలై పదేళ్లకు పైగా కట్టిన కట్టడం. నడుమ గుంబజు, ఇరువైపులా సన్నని మీనారులు, వెనుక కమానుల వసారాతో చతురస్రపు ముంగిలి. ఎదుటి చెరువులో దాని నీడ పడి రెండు మసీదులు ఉన్నట్లు కనిపిస్తుంది. ఇది నమాజు కోసం కట్టినది కాదు. ఆనాటి ఐరోపా ప్రభువులకు తూర్పు దేశాల పట్ల కలిగిన మోజుకూ, అన్ని మతాలలోనూ వివేకం ఉన్నదన్న ఆనాటి భావనకూ ఇది రూపం. విచిత్రమేమంటే దీనిని ఆరంభించే నాటికే ప్రభువు తన కొలువును మ్యూనిక్‌కు తరలించాడు. 1870-71 యుద్ధకాలంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన ముస్లిం బందీలు కొందరు ఇక్కడ నమాజు చేశారని చెబుతారు. అంతకు మించి దీనికి ఆరాధనతో పరిచయం తక్కువ.

గోడల మీద అరబీ అక్షరాలలో సూక్తులు, వాటి కింద జర్మన్ అనువాదాలు ఉన్నాయి. అరబీ రాతలో తప్పులు దొర్లాయి. చెక్కినవానికి ఆ భాష రాదన్నమాట. సంపద అవసరమైనంత మేరకు, వివేకం చేతనైనంత మేరకు ఆర్జించుకోమని ఒక సూక్తి సారాంశం. మూర్ఖుని హృదయం అతని నాలుక మీద ఉంటుందనీ, వివేకి నాలుక అతని హృదయంలో ఉంటుందనీ మరొకటి. మాలో జర్మన్ బాగా వచ్చినవాడు కడప మిత్రుడే. అతడే చదివి చెబుతూ వచ్చాడు. ఈ రెండవ సూక్తి దగ్గర ఆగి మళ్లీ ఒకసారి తనలో తాను చదువుకున్నాడు.

గుంబజు కింద నిలబడి పైకి చూశాం. నక్కాషీ, బంగారు మెరుపు, వెలుతురు అన్నీ ఉన్నాయి. నేను మిహ్రాబు కోసం వెదికాను. కనబడలేదు. ఎటు తిరిగి నిలబడాలో చెప్పేది ఏదీ ఆ గదిలో లేదు.

అప్పుడు కడప మిత్రుడు ఎవరి వైపూ చూడకుండా అన్నాడు, “ఇది నాలాగే ఉంది.”

మేము మాట్లాడలేదు.

“గుంబజు ఉంది, మీనారులు ఉన్నాయి, అరబీ ఉంది. దూరం నుంచి చూస్తే లోటేమీ తెలియదు. మా అమ్మీ నన్ను దూరం నుంచే చూస్తోంది” అన్నాడు. కాసేపటికి మళ్లీ తానే, “చలికాలంలో మొదలైంది. ఒక శుక్రవారం జుమా వేళకు మీటింగు. మరుసటి వారం కూడా మీటింగు. మూడో వారం మీటింగు లేదు. అయినా నేను పోలేదు. తరువాత మిగతా నమాజులు కూడా ఒక్కొక్కటిగా పోయాయి. ప్రతి శుక్రవారం అమ్మీ అడుగుతుంది. అయిందని చెబుతాను. నమాజు మానడం కంటె ఆ అబద్ధం అలవాటైపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది” అన్నాడు.

శుక్రవారం సాయంత్రం స్టేషనులో నాలో కలిగిన సంతృప్తి నాకు గుర్తుకువచ్చింది. నేను మన్‌హైమ్‌లో పంక్తిలో నిలబడ్డాను, సజ్దాలో తల ఆనించాను. ఆ తల ఎత్తిన కొన్ని గంటలకే దానిని ఒక సోదరుని కంటె ఎత్తున పెట్టుకున్నాను. అతడు తన గుంబజు ఖాళీగా ఉన్నదని గ్రహించాడు. నాది నిండుగా ఉన్నదని నేను అనుకుంటూ వచ్చాను. నిన్న కొండవాలు మీద ఊరుకోవడం నాకెందుకు కష్టమైందో ఇప్పుడు తెలిసింది. ప్రయాణం బయటపెట్టింది అతని నైజాన్ని మాత్రమే కాదు.

నిశ్శబ్దాన్ని తొలగించింది వరంగల్ మిత్రుడు. చేతి గడియారం చూసుకుని, “జొహర్ వేళ అయింది గదా, బయట చెట్టు నీడలో చదువుకుంటారా? సంచుల దగ్గర నేనుంటాను” అన్నాడు. మూడు రోజులుగా మా నమాజు వేళలు అతనికి మాకంటె బాగా జ్ఞాపకం ఉన్నాయి.

ఉద్యానం ద్వారం దాటి ఒక చెట్టు కింద దుప్పటి పరిచాం. ఒక సీసా నీళ్లతో ముగ్గురం వుజూ చేసుకున్నాం. దివ్యఖుర్ఆన్ ప్రయాణికులకు నమాజును కుదించుకునే సౌలభ్యం ఇచ్చింది. అమీరు ముందు నిలిచారు. కడప మిత్రుడు నా పక్కన నిలబడ్డాడు. రెండు రకాతులు. గుంబజు లేదు, మీనారు లేదు. దిక్కు మాత్రం ఉన్నది.

తిరుగు ప్రయాణంలో మన్‌హైమ్‌లో రైలు మారాలి. ఒక రైలు వదిలేసి అస్ర్ కోసం అదే మసీదుకు వెళదామని కడప మిత్రుడే అడిగాడు. స్థానిక ఇమాము వెనుక చదివితే ప్రయాణికుడు కూడా పూర్తిగా నాలుగు రకాతులు చదవాలి. చదివాం. శుక్రవారం నిండిన హాలులో ఆదివారం ఒక పంక్తి మాత్రమే ఉంది. ఎక్కువమంది వృద్ధులు. ఎప్పుడో కర్మాగారాల పనికి వచ్చి ఉండిపోయిన తరం కావచ్చు. వారిలో ఒకాయన జరిగి, కడప మిత్రునికి తన పక్కన చోటిచ్చాడు.

బయట మెట్ల మీద కూర్చుని అతడు ఫోను చేశాడు. మేము కొంచెం దూరంగా జరిగాం. అయినా మాటలు వినబడ్డాయి.

“అమ్మీ, మొన్న నేను జుమాకు పోలేదు. అబద్ధం చెప్పాను. అంతకు ముందు కూడా చాలా వారాలు అబద్ధమే చెప్పాను.”

అటు నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు.

“ఈ రోజు అస్ర్?” అని అడిగారు ఆమె.

“ఇప్పుడే అయింది అమ్మీ. జమాఅతుతో.”

“తిన్నావా?”

“తిన్నాను.”

“సరే బేటా. రైలు జాగ్రత్త.”

ఫ్రాంక్‌ఫర్ట్ రైలులో వరంగల్ మిత్రుడు లెక్కల కాగితం తీసి ఎవరెవరు ఎంత ఇవ్వాలో చదివాడు. మేమందరమూ చెల్లించాం. చీకటి పడకముందే ఊరు చేరాం.

ఆ తరువాతి శుక్రవారం అతడు జుమాకు వెళ్లాడా లేదా అని నేను అడగలేదు. అది అడగవలసింది వాళ్ల అమ్మ. నేను ఆ రోజు నా పంక్తిలో నా చోట నిలబడ్డాను, పక్కన ఎవరు లేరో లెక్కపెట్టకుండా.